హంతకుడి పేరు మాత్రం అడగొద్దు: మిస్టరీలు, కొత్త నవలల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో పుస్తకాలు అంగళ్ళలో కన్నా చేతుల మీదుగానే ఎక్కువ తిరుగుతాయి. నేను చదివేసిన నవల ఎర్రముక్కపల్లి నుంచి శంకరాపురానికి, అక్కణ్ణుంచి ప్రొద్దుటూరికి పోతుంది. అది మూడో మనిషి చేతిలో ఉండగా నాకు ఫోన్ వస్తుంది. మనుషులు మారతారు గానీ సందేహాలు మారవు. ఏది ముందు చదవాలి, పేర్లు గుర్తుండటం లేదు, చివర్లో మోసం చేశాడు గదా, సీమ నవల చదవాలంటే జంకు. అవన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఏ పుస్తకం ముగింపూ బయటపెట్టలేదు. అభిప్రాయాలు నావి, కొన్ని కటువుగానే ఉంటాయి.

## పుస్తకం చేతికి తీసుకునే ముందు

అక్కా, మిస్టరీ ఇంతవరకు ఒకటి గూడా చదవలే. యాడ మొదలుపెట్టాల?

అగాథా క్రిస్టీ 1939లో రాసిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్'తో. ఒక దీవి, దాంట్లో ఒక బంగళా, ఒకరి సంగతి ఒకరికి పెద్దగా తెలియని పదిమంది. పడవ రాదు, బయటికి దారి లేదు, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. ఇది సిరీస్ కాదు కాబట్టి ముందు ఇంకేదీ చదివి ఉండనక్కర్లేదు. మీసాలు దువ్వుకుంటూ తన తెలివిని తానే పొగుడుకునే డిటెక్టివూ ఉండడు. వాక్యాలు చిన్నవి, డిగ్రీ ఇంగ్లీషు ఉంటే చాలు. పాత్రలకు లోతు లేదన్న మాట నిజమే. ఒక్కో మనిషికి ఒక్కో పాపం అంటించి వదిలేసింది ఆమె. అయినా మొదటి పుస్తకానికి కావలసింది నిద్ర ఆపి పేజీ తిప్పించే గుణం. అది దీంట్లో దండిగా ఉంది.

మన పక్క మర్డర్ జరిగితే ఎవరు చేసిందీ పొద్దుగూకే లోపల ఊరంతా తెలుస్తాది. ఇంగ 'ఎవరు చేశారు' అనే కథల్లో మనకేముంటాది?

నవ్వులాటకు అడిగారు గానీ, నా దగ్గరికి వచ్చిన ప్రశ్నల్లో ఇంతకన్నా గట్టిది లేదు.

ఇంగ్లండు పల్లెటూళ్ళో జరిగే డిటెక్టివ్ నవలకు మూడు నమ్మకాలు కావాలి. చంపిందెవరో ఎవరికీ తెలియదు. తెలివైన మనిషి ఒకడు వచ్చి కనిపెడతాడు. కనిపెట్టాక మిగతాది చట్టం చూసుకుంటుంది. మన దగ్గర కక్షలు నడిచిన కాలంలో మొదటి నమ్మకమే లేదు. పేరు అందరికీ తెలుసు. బోనెక్కి ఆ పేరు చెప్పే సాక్షి దొరకడం కష్టం, దొరికినవాడు చివరిదాకా మాట మీద నిలబడటం ఇంకా కష్టం. అందుకే ఆఖరి అధ్యాయంలో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ వేలెత్తి చూపించగానే, 'సరే, ఆ తర్వాత?' అనిపిస్తుంది మనకు. అక్కడ వాళ్ళ కథ ముగుస్తుంది, మన కథ మొదలవుతుంది.

కాబట్టి హంతకుడెవరో ముందే చెప్పేసే మిస్టరీలు పట్టుకోండి. జపాన్ రచయిత కీగో హిగషినో వీటిలో దిట్ట. 2005లో వచ్చిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హత్య మొదట్లోనే మన కళ్ళముందు జరిగిపోతుంది. పోలీసులకన్నా మనకే ఎక్కువ తెలుసు. అయినా చివరికి బోల్తా పడేది మనమే. 1996 నాటి 'మ్యాలిస్'లో సగం కాకముందే మనిషి దొరికిపోతాడు. ఎందుకు చేశాడన్నదే మిగతా పుస్తకమంతా. కక్ష ఎక్కడ మొలుస్తుందో, ఎన్నేళ్ళు లోపల దాగి ఉంటుందో అంత ఓపికగా తవ్విన కథ మన ఫ్యాక్షన్ సినిమాల్లో నాకు ఒక్కటీ కనబడలేదు. అవి తొడగొట్టడం దగ్గరే ఆగిపోయాయి.

'ఎవరు' కథలు దండగని నేననను. చదరంగం ఇష్టమైనవాళ్ళకు అవి హాయిగా ఉంటాయి. న్యాయం జరుగుతుందేమోనని మాత్రం వాటి దగ్గరికి పోకండి.

హిగషినోవి మూడు ఇంట్లో పడి ఉండాయి. ఏది ముందు?

ముందు 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. భోజనం డబ్బాలు అమ్మే అంగట్లో పనిచేసే ఒంటరి తల్లి, ఆమెను వేధించే మాజీ భర్త, పక్కింట్లో నోరు విప్పని లెక్కల మాస్టారు. ఇంతే సరంజామా. దీనికి జపాన్‌లో నవోకి బహుమతి వచ్చింది. తర్వాత 'మ్యాలిస్'. రచయిత ఒకాయన తన ఇంట్లోనే హత్యకు గురవుతాడు. స్నేహితుడు రాసుకున్న కాగితాలు, డిటెక్టివ్ కగా రాసుకున్న నోట్సు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాకు ఇదే ఆయన ఉత్తమ నవల. పేరు మాత్రం మొదటిదానికి వచ్చింది. మూడోది 'జర్నీ అండర్ ద మిడ్‌నైట్ సన్' అయితే దాన్ని వేసవి సెలవులకు దాచుకోండి. 1973లో ఒసాకాలో మొదలై దాదాపు ఇరవై ఏళ్ళు సాగుతుంది. మనుషులు వస్తూనే ఉంటారు. మధ్యలో వారం వదిలేస్తే మళ్ళీ మొదటికే రావాలి.

'సస్పెక్ట్ ఎక్స్' అంటే మన 'దృశ్యం' సినిమానే గదా?

పోలిక ఉంది, కాదనను. వేధించేవాడొకడు, అనుకోకుండా జరిగిన హత్య, దాన్ని దాచడానికి ఒక సామాన్యుడు వేసే ఎత్తులు, వెంటపడే పోలీసులు. ఇవి రెండింటిలోనూ ఉన్నాయి. నవల 2005ది, మలయాళం 'దృశ్యం' 2013లో వచ్చింది, తెలుగులో వెంకటేశ్ చేసింది 2014లో. నా మట్టుకు తేడా మనిషిలో ఉంది. సినిమాలో తండ్రి తన బిడ్డల్ని కాపాడుకుంటాడు, అది ఎవరైనా చేసే పనే. నవలలో మాస్టారికీ ఆ తల్లికీ ఏ చుట్టరికమూ లేదు, మాటామంతీ కూడా అంతంతమాత్రం. అలాంటి మనిషి ఎంత దూరం పోగలడు అన్నదే కథ. అందుకే సినిమా చూసి చప్పట్లు కొట్టాను గానీ, నవల ముగించాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఇదే నవలను కాలింపోంగ్‌కు మార్చి 2023లో హిందీలో 'జానే జాన్' తీశారు. జైదీప్ అహ్లావత్ కోసం చూడొచ్చు, కానీ పుస్తకం చదివిన తర్వాతే.

అన్నీ ఇంగ్లీషువే చెప్తాండారు. తెలుగులో డిటెక్టివ్ నవలలు లేవా?

లేకేం. ఒకప్పుడు రోజుకింత అని అద్దెకు ఇచ్చే అంగళ్ళు నడిచింది వాటి మీదే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పకుండా గుర్తుంటారు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. మధుబాబు షాడో నవలలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. అయితే అవి మిస్టరీలు కావు, సాహస కథలు. షాడో ఆలోచించి కనిపెట్టేదాని కన్నా కొట్టి కనిపెట్టేదే ఎక్కువ.

కొమ్మూరిని ఈమధ్య మళ్ళీ చదివాను. ఆరంభాలు ఇప్పటికీ అదిరిపోతాయి. మొదటి పేజీలోనే తలుపు తట్టిన చప్పుడో, ఫోన్ మోతో ఉంటుంది. సంభాషణ పరుగెడుతుంది. ముడి విప్పే చోట మాత్రం కాకతాళీయం, మారువేషాలు, ముఠాలు వచ్చి పడతాయి. మనం ఆలోచించి పట్టుకోగలిగే క్లూలు తక్కువ. వారపత్రికల సీరియళ్ళు పోవడంతో ఈ కొమ్మే ఎండిపోయింది. వారం వారం పాఠకుణ్ణి పట్టి ఉంచే అవసరం లేకపోయాక, ఆ విద్య నేర్చుకునేవాళ్ళూ తగ్గిపోయారు.

చేతబడి, దయ్యాల నవలలు మిస్టరీ కిందికి రావా?

రావు. మిస్టరీలో ముడిపడిన ప్రతిదానికీ లోకంలో ఉండే కారణం కావాలి. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చినప్పుడు జనం వారం వారం భయపడుతూ చదివారు. అక్కడ పుట్టేది భయం. నిమ్మకాయలు, బొమ్మలు చూసి వణకడానికి అయితే చదవండి. హంతకుణ్ణి ఊహించే సరదా కోసం వెదికితే దొరకదు.

## చదువుతుండగా

పేర్లు గుర్తుండటం ల్యా. జపానోళ్ళ పేర్లయితే మరీ.

ఒక చీటీ మీద పేరు, పక్కన చుట్టరికం రాసి పుస్తకంలో పెట్టుకోండి. గుణగణాలు రాయొద్దు, చుట్టరికమే. 'సస్పెక్ట్ ఎక్స్'కు నాలుగు పేర్లు చాలు: యసుకో తల్లి, ఇషిగామి లెక్కల మాస్టారు, కుసనగి పోలీసు, యుకావా ఫిజిక్స్ ప్రొఫెసర్. పాత క్రిస్టీ పుస్తకాల్లో కొన్ని ముద్రణలకు మొదట్లోనే పాత్రల జాబితా ఉంటుంది. దాన్ని దాటేసి పోకండి.

యాభై పేజీలైంది, ఇంగా శవమే పడలే. నిలిపేయనా?

ఏ పుస్తకమో చూడాలి. సుజాతా మాసీ 2018లో రాసిన 'ఎ మర్డర్ ఆన్ మలబార్ హిల్' అయితే నిలిపేయొద్దు. 1921 నాటి బొంబాయి. పర్వీన్ మిస్త్రీ అనే పార్సీ అమ్మాయి తండ్రి దగ్గర సొలిసిటర్‌గా పనిచేస్తుంటుంది. ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టిన ముగ్గురు వితంతువులు పరదా దాటి బయటికి రారు. లోపలికి పోయి మాట్లాడగలిగిన వకీలు ఈమె ఒక్కతే. కోర్టులో ఆడవాళ్ళు వాదించడానికి చట్టం దారి తెరిచింది 1923లో. కాబట్టి కథాకాలానికి ఈమె కోర్టులో నోరు విప్పడానికి లేదు. పర్వీన్ వెనక కొర్నీలియా సొరాబ్జీ నీడ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ ఆమె.

నాకు నచ్చింది ఆ ఆస్తి తగాదా. మెహర్ (పెళ్ళిలో భర్త భార్యకు ఇస్తానన్న సొమ్ము), వక్ఫ్ (ధర్మానికి రాసిచ్చిన ఆస్తి), సంతకం ఎవరు పెట్టించారు, ఏ భాషలో చదివి వినిపించారు. మన ఊళ్ళల్లో ఆడబిడ్డల చేత హక్కు వదులుకున్నట్టు కాగితం రాయించుకోవడం ఎరిగినవాళ్ళకు ఇదేమీ దూరపు కథ కాదు. పర్వీన్ పాత పెళ్ళి సంగతి చెప్పే కలకత్తా భాగం మాత్రం సాగుతుంది. హత్య చిక్కు కూడా ఓ మోస్తరే.

కడపటి పేజీ ముందే చూసేస్తా. అలవాటు పోదు. తప్పా?

తప్పేం లేదు, నష్టం మీదే. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' చివర ముందే చూశారంటే ఆ పుస్తకం మీకు ఒకే ఒక్కసారి ఇవ్వగలిగింది పోయినట్టే. దాని ముగింపు న్యాయమా, అన్యాయమా అని పాఠకులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. ఆ కొట్లాటలో మీకు చోటుండదు. ముగింపు తెలిసినా ఏమీ పోని నవలలు వేరే ఉన్నాయి, వాటితో మీ అలవాటు తీర్చుకోండి.

పేరున్న పుస్తకమే, సగంలో విసుగొచ్చింది. వదిలేయొచ్చా?

వదిలేయండి. స్టూవర్ట్ టర్టన్ 2018లో రాసిన 'ద సెవెన్ డెత్స్ ఆఫ్ ఎవెలిన్ హార్డ్‌కాజిల్' గురించి ఇదే మాట చాలామందికి చెప్పాను. ఒకే రోజు మళ్ళీ మళ్ళీ వస్తుంది. కథానాయకుడు రోజుకో మనిషి శరీరంలో నిద్ర లేస్తాడు. హత్య ఎవరు చేశారో తేల్చేదాకా ఆ బంగళాలోంచి విడుదల లేదు. రచయిత ఎంత కష్టపడి అల్లాడో తెలుస్తుంది, ప్రతి పేజీలోనూ తెలుస్తుంది, అదే నాకు ఇబ్బంది. చచ్చిపోయే ఎవెలిన్ మీద జాలి పుట్టకముందే గడియారం చూసుకోవడం మొదలవుతుంది. పజిళ్ళంటే ప్రాణమిచ్చే ఇంజినీరింగు పిల్లలు మాత్రం దీన్ని ఒక్క ఊపులో చదివేస్తున్నారు. వాళ్ళ ఆనందాన్ని నేనెందుకు కాదనాలి.

'మ్యాగ్‌పై మర్డర్స్' కొన్నా. రెండు పుస్తకాలు కలిపి కుట్టేసినట్టు ఉండాది. ప్రింటింగు తప్పా?

తప్పు కాదు, అదే కథ. ఆంథొనీ హోరోవిట్జ్ నవల ఇది, 2016లో వచ్చింది. సూజన్ అనే ఎడిటర్ చేతికి ఒక డిటెక్టివ్ నవల రాతప్రతి వస్తుంది. మనమూ ఆమెతోపాటు దాన్ని చదువుతాం. 1955 నాటి పల్లె, ఆటికస్ ప్యూండ్ అనే డిటెక్టివ్. సరిగ్గా తేలాల్సిన చోట చివరి అధ్యాయాలు ఉండవు. వాటి కోసం సూజన్ బయలుదేరితే బయటి కథలోనూ ఒక చావు. మీ ప్రతిలో పేజీ నంబర్లు మళ్ళీ మొదటినుంచి వస్తే కంగారు పడొద్దు. లోపలి నవల నాకు బాగా నచ్చింది, పాత క్రిస్టీని కొత్తగా చదివినట్టే ఉంది. బయటి కథ కాస్త నీరసం, పుస్తకాల వ్యాపారం మీద విసుర్లు మోతాదు మించాయి.

## ముగించాక

ఆఖర్లో ఎవరో కొత్తోణ్ణి తెచ్చి వీడే హంతకుడంటే ఒప్పుకోవాలా?

ఒప్పుకోనక్కర్లేదు. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు పాదిరీ స్వయంగా డిటెక్టివ్ నవలలు రాసేవాడు. 1929లో ఈ కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. దైవశక్తులు, దయ్యాలు పనికిరావు. డిటెక్టివ్‌కు దొరికిన క్లూ పాఠకుడికీ చూపించాలి. ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదు. ఈ చివరిది మన సినిమావాళ్ళకు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో ద్విపాత్రాభినయాలు తప్పేవి. పదిలో కొన్ని ఇప్పుడు చదివితే నవ్వొస్తాయి. మొదట్లోనే కనిపించాలి, క్లూ చూపించాలి అన్న రెండూ మాత్రం ఇప్పటికీ గీటురాయే.

'గాన్ గర్ల్'లో మొగుడూ అబద్ధమే, పెళ్ళామూ అబద్ధమే. ఎవర్ని నమ్మి చదవాల?

ఎవర్నీ నమ్మొద్దు. 2012లో గిలియన్ ఫ్లిన్ ఆ నవల రాసిందే అందుకు. పెళ్ళిరోజున భార్య మాయమవుతుంది. ఒక అధ్యాయం భర్త చెబుతాడు, ఒకటి భార్య డైరీ చెబుతుంది. ఇద్దరూ మనల్ని తమవైపు లాగాలని చూస్తుంటారు. మొదటి సగం నన్ను కట్టిపడేసింది. రెండో సగంలో తెలివి ఎక్కువై మనుషులు పలచబడ్డారు. కానీ పెళ్ళయ్యాక ఒకరి ముందు ఒకరు మంచివాళ్ళలా నటించడం గురించి అందులో ఉన్న కొన్ని పేజీలు ఏ కుటుంబ నవలలోనూ చదవలేదు. ఇంట్లో అందరికీ చదివి వినిపించే పుస్తకం కాదు, చెప్పలేదనొద్దు.

'ద థర్స్‌డే మర్డర్ క్లబ్'ను అందరూ మెచ్చుకుంటాండారు. నాకేమో తేలిపోయినట్టు ఉండాది.

హత్య కోసం చదివితే తేలిపోతుంది. రిచర్డ్ ఓస్మన్ 2020లో రాసిన ఈ నవలలో నలుగురు వృద్ధులు రిటైర్‌మెంట్ కాలనీలో గురువారం గురువారం కలిసి, తేలని పాత కేసులు తిరగేస్తుంటారు. కాలనీ పక్కనే నిజం హత్య జరుగుతుంది. ఆ చిక్కు విప్పడం మాత్రం గందరగోళం. అవసరమైనప్పుడల్లా ఎవరో వచ్చి ఓ కొత్త సంగతి చెప్పిపోతారు. పోలీసులకు ముసలాళ్ళ మాట వినేంత తీరిక ఎక్కడిదో తెలియదు.

అయినా ఈ పుస్తకాన్ని మా వీధిలో పెద్దవాళ్ళకు పనిగట్టుకుని ఇస్తున్నాను. కారణం జాయిస్, ఎలిజబెత్. భర్త జ్ఞాపకశక్తి రోజురోజుకూ జారిపోతుంటే ఎలిజబెత్ ఆ సంగతి బయటికి పొక్కకుండా ఎట్లా నెట్టుకొస్తుందో చూడండి. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి, ఇద్దరే ఇంత ఇంట్లో మిగిలినవాళ్ళు కడపలో ఏ వీధిలో లేరు? వాళ్ళకు ఆ పేజీలు హత్యకన్నా గట్టిగా తగులుతాయి. 2025లో సినిమా కూడా వచ్చింది. అందులో నవ్వులు మిగిలాయి, ఆ నొప్పి పలచబడింది.

హంతకుడు ఎవరో తెలిసిపోయినాక మళ్ళా చదవడమెందుకు?

మంచిదో కాదో తేలేది అప్పుడే. రెండోసారి మన కళ్ళు హంతకుడి మీదే ఉంటాయి. అతను టీ తాగుతుంటే, పరామర్శకు వస్తే, మాట మారుస్తుంటే గమనిస్తాం. రచయిత నిజాయితీగా రాసి ఉంటే ప్రతి మాటకూ రెండో అర్థం దొరుకుతుంది. 'మ్యాలిస్' ఈ పరీక్షలో నెగ్గింది, 'అండ్ దెన్ దేర్ వర్ నన్' నెగ్గింది. ట్విస్టు ఒక్కటే పెట్టుబడిగా వచ్చే చాలా పుస్తకాలు రెండోసారి ఇరవై పేజీలు కూడా నిలబడవు. అలాంటివి కొనకండి, అరువు తెచ్చుకోండి.

## మిస్టరీలు చాలనిపించి నవలల వైపు తిరిగినప్పుడు

'ఘాచర్ ఘోచర్'లో ఏం జరిగిందో ఆఖరుకు చెప్పనే లేదు. పేజీలు ఊడిపోయినాయా?

ఊడిపోలేదు. వివేక్ శానభాగ కన్నడ నవల ఇది, 2013లో వచ్చింది. శ్రీనాథ్ పేరూరు చేసిన ఇంగ్లీషు అనువాదం మన దగ్గర తిరుగుతోంది. నూరు పేజీలకు కాస్త ఎక్కువ. బెంగళూరులో చీమలు పట్టిన ఇరుకింట్లో బతికిన కుటుంబం, చిన్నాన్న మసాలా పొడుల వ్యాపారంతో ఉన్నట్టుండి డబ్బున్నదవుతుంది. ఇంట్లో అందరూ ఆ ఒక్కడి సంపాదన మీద బతుకుతారు కాబట్టి అతని ఏ పనినీ ఎవరూ ప్రశ్నించరు. కోడలు ఒక్కతి ప్రశ్నిస్తుంది.

నన్నడిగితే ఇదే అసలైన క్రైమ్ నవల. శవం కనబడదు, పోలీసు రాడు. ఒక ఇల్లు నోరు మూసుకోవడం ఎట్లా నేర్చుకుంటుందో మాత్రం కనిపిస్తుంది. చివరి పేజీలు వెనక్కి తిరిగి చదవండి. కాఫీ హోటల్లో కూర్చున్న ఆ భర్తకు ఏం తెలుసు, ఎప్పటినుంచి తెలుసు అని చూడండి. తెలిసి కూడా చెప్పని సాక్షి అనేవాడు మన సీమ పాఠకులకు కొత్త మనిషి కాదు. అందుకే ఇక్కడ దీన్ని చదివినవాళ్ళు ఎవరూ 'అర్థం కాలేదు' అనరు, 'చెప్పలేదు' అనే అంటారు.

సీమ నవల అంటే ఫ్యాక్షనేనా?

సినిమా చూసి అడిగే ప్రశ్న ఇది. ఇక్కడివాళ్ళే అడుగుతుంటే బాధేస్తుంది. సీమ రచయితలు దేన్ని ఎక్కువగా రాశారో చూస్తే ముందు వచ్చేది వాన, అది రాకపోవడం. తర్వాత అప్పు, వలస, గొర్రెలు, బోరుబావి, కులం. చిలుకూరి దేవపుత్ర 'పంచమం' దళితుల బతుకు మీద రాసింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కాడి'లో సేద్యం కథ. బండి నారాయణస్వామి నవలల్లో అనంతపురం కరువు పాత్రల పక్కనే కూర్చుని ఉంటుంది. కక్షలు కూడా వస్తాయి, ఊరి జీవితంలో ఉన్నంత మేరకు. కత్తి పట్టినవాడికన్నా ఆ కత్తి కింద సేద్యం చేసుకున్నవాడి మీదే వీళ్ళ చూపు.

'శప్తభూమి' లావు చూస్తే భయమైతాంది. అంత చదవగలనా?

మొదటి నూరు పేజీలు నెమ్మదిగా పొండి. 18వ శతాబ్దంలో హండే రాజుల ఏలుబడిలో ఉన్న అనంతపురం సీమ. బండి నారాయణస్వామికి 2019లో కేంద్ర సాహిత్య అకాదెమీ పురస్కారం తెచ్చిన నవల. రాజు కథ అనుకుని తెరిస్తే తికమక పడతారు. ఇందులో రాజు ఒక పాత్ర మాత్రమే. గొర్రెలు కాసేవాళ్ళు, బసివిరాళ్ళు (దేవుడికి వదిలేసిన ఆడవాళ్ళు), సైనికులు, అంటరానివాళ్ళు, అందరూ వరసగా వచ్చి తమ కథ తాము నడుపుతారు. పేర్లు కలగాపులగం కావడం ఖాయం, అది నాకూ కాస్త లోటుగానే తోచింది. కానీ కరువు పేజీలు చదివాక ఆ ఫిర్యాదు చిన్నదైపోయింది. చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగా దాటిపోయే కరువును ఒక్కో ఇంటిముందు ఆగి చూపించాడు.

'కొండపొలం' సినిమా చూసినాం గదా, నవల చదవాలా?

చదవాలి, రెండూ వేరు. 2021లో క్రిష్ తీసిన సినిమాలో ప్రేమకథకు పెద్దపీట. సన్నపురెడ్డి నవలలో అడవి, గొర్రెలు, పెద్దపులి. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు కరువుకాలంలో గొల్లలతో కలిసి మందను నల్లమల ఎక్కిస్తాడు. గొర్రె కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తారు, రాత్రి కాపలా ఎట్లా మారతారు, నీళ్ళున్న చోటు ఎట్లా పసిగడతారు, అన్నీ అందులో ఉన్నాయి. కడప మాట అక్షరాల్లో చదువుతుంటే ఇంట్లో పెద్దాయన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. కుర్రాడి మార్పు కాస్త సాఫీగా, పాఠం చెప్పినట్టు జరిగిపోవడం ఒక్కటే నాకు నచ్చనిది.

ఆదివారం ఒక్క పూటలో అయిపోయే మంచి నవల చెప్పండి.

క్లెయిర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్', 2021. ఐర్లండ్‌లో 1985 క్రిస్మస్ ముందు రోజులు. బొగ్గు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్‌కు అయిదుగురు ఆడపిల్లలు. సరుకు దించడానికి కాన్వెంటుకు పోయినప్పుడు బొగ్గు కొట్టులో ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆ దేశంలో పెళ్ళికాకుండా తల్లులైనవాళ్ళ చేత, దిక్కులేని ఆడపిల్లల చేత కూలి లేకుండా బట్టలు ఉతికించిన మాగ్డలిన్ లాండ్రీలు నిజంగా ఉండేవి. ఆఖరిది మూతపడింది 1996లో. ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. అంటే పిల్లల చదువు పోతుంది, బేరాలు పోతాయి. ఈ నవలలో ఒక్క వాక్యం కూడా తీసేయడానికి లేదు.

బహుమతి వచ్చిందని 'టూంబ్ ఆఫ్ శాండ్' కొన్నా. ముందుకు పోవడం ల్యా.

గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి'కి అది డెయిజీ రాక్‌వెల్ అనువాదం, 2022లో అంతర్జాతీయ బుకర్ వచ్చింది. మంచం దిగని ఎనభై ఏళ్ళ ముసలమ్మ గోడకు తిరిగి పడుకునే ఉంటుంది, కథ కూడా ఆమెతోపాటు పడుకునే ఉంటుంది. ఆమె లేచేదాకా ఓపిక పట్టండి. లేచాక సరిహద్దు దాటి పాకిస్తాన్ దాకా పోతుంది. మొదటి మూడో వంతులో మాటల చమత్కారం నాకు ఎక్కువైంది. హిందీ బాగా వచ్చినవాళ్ళు మూలమే చదువుకోండి.

## ఇచ్చిపుచ్చుకునేటప్పుడు

ఈ పుస్తకాలు కడపలో యాడ దొరుకుతాయి?

తెలుగువి ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడగండి. మీ ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. కట్టిన డబ్బుకు పుస్తకం అడగడంలో మొహమాటం వద్దు. లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వండి. ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు. బ్రౌన్ దొర నివసించిన చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి నిలబెట్టిన గ్రంథాలయం అది. డిటెక్టివ్ నవలల కోసం పోయే చోటు కాదు. ఇంగ్లీషువి ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి ఎవరైనా పోతుంటే చీటీ రాసి ఇవ్వండి, సగం పని అయిపోతుంది.

మా ఆయన ముందు చదివేసి హంతకుడి పేరు చెప్పేస్తాడు. ఏం చేయాల?

పుస్తకం ముందు మీరు తీసుకోండి.

తొమ్మిదో తరగతి పిల్లకు యా మిస్టరీ ఇయ్యొచ్చు?

సత్యజిత్ రాయ్ ఫెలూదా కథలు. 1965లో బెంగాలీ పిల్లల పత్రిక 'సందేశ్'లో మొదలయ్యాయి, ఇంగ్లీషులో రెండు పెద్ద సంపుటాలుగా దొరుకుతాయి. కథ చెప్పేది తోప్‌సే అనే చుట్టాల కుర్రాడు కాబట్టి పిల్లలకు తొందరగా దగ్గరవుతుంది. రక్తం తక్కువ, ప్రయాణాలు ఎక్కువ. లోటల్లా ఒకటే, ఆడపిల్ల పాత్రలు దాదాపు లేవు. మీ అమ్మాయి ఆ మాట అంటే అవుననండి. పరీక్షలు ఉన్నాయని నెలకు వాయిదా వేయకండి, కథ చిన్నదే, ఒక్కో సాయంత్రం ఒక్కోటి అయిపోతుంది. పదో తరగతి దాటాక శరదిందు బందోపాధ్యాయ్ బ్యోమకేశ్ కథలు ఇవ్వొచ్చు. వాటిలో పెద్దవాళ్ళ వ్యవహారాలు ఉంటాయి, ముందు మీరు ఒకసారి చూసి ఇవ్వండి.